వయసు మీరిన టెన్నిస్ ఛాంపియన్ ఎప్పుడు ఆగాలి: మర్నాటి ఒంటి లెక్క

సంక్షిప్తంగా

పెద్ద వయసు ఛాంపియన్ ఆటలో ముందుగా దెబ్బతినేది ఒక మ్యాచ్ ఆడిన ఒళ్లు రెండో మ్యాచ్‌కు సిద్ధపడే శక్తి. చేతిలోని విద్య చాలా ఆలస్యంగా పోతుంది. అందువల్ల ఒకటి రెండు గొప్ప విజయాలో, ఒకటి రెండు ఘోర పరాజయాలో చూసి రిటైర్మెంట్ విషయం తేల్చబోతే లెక్క తప్పుతుంది. టెన్నిస్‌లో ఆటగాణ్ణి తప్పించే సెలక్టర్లు లేరు. ర్యాంకింగ్ ఆ పని చేస్తుంది గానీ ఆలస్యంగా చేస్తుంది. వారాల తరబడి శిక్షణ చేయడానికి ఒళ్లు సహకరిస్తున్నంత కాలం, ఓటములు ఎదురైనా ఆడటానికి అర్థం ఉంటుంది. సహకారం ఆగిపోతే, టైటిళ్లు వస్తున్నా గడువు దగ్గరపడినట్టే.

అనంతపురానికి తెలిసిన ఆటగాడు

2010 అక్టోబరులో రఫెల్ నాదల్ అనంతపురం వచ్చాడు. స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)తో కలిసి తన ఫౌండేషన్ పేదపిల్లల కోసం నెలకొల్పిన టెన్నిస్ పాఠశాలను ప్రారంభించడానికి వచ్చిన రాక అది. పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటర్ కూడా నేర్పాలని పెట్టిన బడి. అప్పటికి నాదల్ వయసు 24. అంతకు నెల రోజుల ముందే యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ కూడా అతనివే. క్రికెట్ తప్ప మరో ఆట పెద్దగా చర్చకు రాని రాయలసీమలో ఒక టెన్నిస్ ఆటగాడి పేరు ఇంటి పేరులా వినబడటానికి ఆ రాకే మొదలు.

పద్నాలుగేళ్ల తర్వాత, 2024 నవంబరు 19న స్పెయిన్‌లోని మాలగాలో, అదే నాదల్ దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ మ్యాచ్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు బోటిక్ వాన్ డి జాండ్‌షుల్ప్ చేతిలో 4-6, 4-6 తేడాతో ఓడి ఆట ముగించాడు. 22 గ్రాండ్‌స్లామ్‌లు (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీల టైటిళ్లు), అందులో 14 ఫ్రెంచ్ ఓపెన్లు గెలిచినవాడికి అది తగిన ముగింపేనా, రెండేళ్ల ముందే ఆగి ఉంటే బాగుండేదా అన్న చర్చ అప్పుడు బలంగా సాగింది. 2025లో 38 ఏళ్ల నొవాక్ జకోవిచ్ నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీఫైనల్ దాకా వచ్చి ఆగిపోవడంతో అదే ప్రశ్న మళ్లీ లేచింది. ఆ ఏడాది నవంబరు ఒకటిన భారత డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న 45 ఏళ్ల వయసులో వీడ్కోలు చెప్పినప్పుడు మాత్రం ఆలస్యం చేశాడని అన్నవారు అరుదు. ఒకరి విషయంలో 36 ఏళ్లే ఎక్కువ అనిపించడం, మరొకరి విషయంలో 45 కూడా ఎక్కువ అనిపించకపోవడం పాఠకులను తికమక పెడుతోంది. దీనికి సమాధానం పుట్టిన తేదీలో దొరకదు. ఆట నిర్మాణంలోనూ, ఒంటి స్వభావంలోనూ వెతకాలి.

సెలక్టర్లు లేని ఆట

క్రికెట్‌లో రిటైర్మెంట్ అన్నది సగం ఆటగాడి నిర్ణయం, సగం బోర్డు నిర్ణయం. పదకొండు మందిలో చోటు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఒక కమిటీ ఉంటుంది. 2025 మే నెలలో రోహిత్ శర్మ, విరాట్ కోహ్లీ రోజుల వ్యవధిలో టెస్టులకు వీడ్కోలు పలికినప్పుడు, అది వాళ్లంతట వాళ్లు తీసుకున్నదా, ముందే సంకేతం అందిందా అని ఊరూరా మాట్లాడుకున్నారు. టెన్నిస్‌లో అలాంటి చర్చకు ఆస్కారమే లేదు. ఏ సంఘమూ స్విట్జర్లాండ్ దిగ్గజం రోజర్ ఫెదరర్‌ను వింబుల్డన్ నుంచి తప్పించలేదు. ర్యాంకు ఉంటే పేరు నమోదవుతుంది, లేకపోతే అర్హత పోటీలు ఆడాలి. అంతకు మించి ఆడొద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు.

కర్నూలు, కడప జిల్లాల తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలను పక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టపడుతుంది. అక్కడ ఎద్దుల వయసును నోరు తెరిచి పళ్లు చూసి తేలుస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు ఉంటాయి. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. మొదటి మలుపు దాకా దాదాపు అన్ని జతలూ ఒకే ఊపుతో లాగుతాయి. నాలుగో మలుపో ఐదో మలుపో వచ్చేసరికి వయసు మీరిన జత ఒక్కసారిగా నిలబడిపోతుంది. డొక్కలు ఎగసిపడుతుంటాయి, కాడి కింద మెడలు వంగిపోతాయి, తోలేవాడు ఎంత అదిలించినా బండ కదలదు. కంట్లో కసి ఉంటుంది, కాళ్లలో బలమూ ఉంటుంది, కానీ మళ్లీ పట్టు అందుకోవడానికి కావలసిన సమయం గడియారంలో మిగలదు. ఆ జతను ఇక పందేనికి దించకూడదని తేల్చేది దాని యజమాని. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో వయసు విభాగాలు లేవు; 19 ఏళ్లవాడూ 38 ఏళ్లవాడూ ఒకే గీత మీద నిలబడతారు. యజమానీ ఎద్దూ ఒక్కరే అయినచోట నిలబడిపోయే మలుపు ఎక్కడుందో గుర్తుపట్టడం మరీ కష్టం.

ఒంట్లో ఏది ముందు తగ్గుతుంది

టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసు ఆ దూరాన్ని దాటడానికి సుమారు అర సెకను పడుతుంది. బంతి వచ్చాక చూసి కదిలితే ఏ వయసువాడికీ అందదు. అవతలివాడి భుజం తిరిగిన తీరు, బంతిని పైకి వేసిన చోటు చూసి ముందే అంచనా కట్టాలి. ఈ అంచనా అనుభవంతో పదునెక్కుతుందే గానీ మొద్దుబారదు. అందుకే 35 ఏళ్ల ఛాంపియన్ కొన్ని విషయాల్లో పాతికేళ్ల నాటి తనకంటే మెరుగైన ఆటగాడు. సర్వీసు కూడా అంతే. ఎదుటివాడి బంతి మీద ఆధారపడని ఏకైక షాట్ అది, కాబట్టి ఆలస్యంగా ముసలిదవుతుంది. 211 సెంటీమీటర్ల ఎత్తున్న క్రొయేషియా ఆటగాడు ఇవో కార్లోవిచ్ 39 ఏళ్ల వయసులో, 2019 జనవరిలో పుణె టోర్నీలో ఫైనల్ చేరడానికి ఆ సర్వీసే కారణం.

తగ్గేవి వేరే ఉన్నాయి. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం ఏటికేడు కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఒక్క ఉదుటున దూకడానికి పనికొచ్చే వేగపు కండర పోగులు సన్నబడతాయి. స్నాయువులకు రక్తప్రసరణ సహజంగానే తక్కువ. వయసుతో వాటి సాగే గుణం తగ్గుతుంది, చిన్న చీలిక కూడా మానడానికి వారాలు తీసుకుంటుంది. కీళ్ల మధ్య ఉండే మృదులాస్థికి రక్తనాళాలే లేవు కాబట్టి అరిగింది మళ్లీ పెరగదు. ఎదుటివాడు బంతిని కొట్టే క్షణంలో రిటర్న్ చేసేవాడు చిన్న గెంతు గెంతి రెండు పాదాల మీదా దిగుతాడు, అక్కడి నుంచి కుడికో ఎడమకో విరుచుకుపడతాడు. మ్యాచ్‌లో వందల సార్లు జరిగే ఆ గెంతులో, దిగిన తర్వాత నేలను తన్ని కదలడానికి పట్టే సమయం కొద్దిగా పెరిగినా చాలు, గీతకు ఆనాల్సిన షాట్ కోర్టు మధ్యలో పడుతుంది. టీవీలో చూసేవారికి అది షాట్ తప్పుగా కనిపిస్తుంది. తప్పింది కాలు.

అయితే ఈ తగ్గుదలను బాగా సిద్ధపడిన ఒక్క మ్యాచ్‌లో కప్పిపుచ్చవచ్చు. విశ్రాంతి తీసుకున్న ఒళ్లు మూడు గంటల పాటు పాత రోజులను గుర్తుచేయగలదు. అసలు పరీక్ష మర్నాడు మొదలవుతుంది. గ్రాండ్‌స్లామ్ గెలవాలంటే రెండు వారాల్లో ఏడు మ్యాచ్‌లు గెలవాలి, మగవారికైతే ఒక్కోటి ఐదు సెట్ల దాకా సాగే మ్యాచ్. సాధారణంగా ఒక రోజు ఆట, ఒక రోజు విశ్రాంతి. 22 ఏళ్లవాడికి ఆ ఒక్క రోజు సరిపోతుంది. 38 ఏళ్లవాడికి అది చాలదు, తీరని అలసట అప్పులా పేరుకుంటూ పోతుంది.

అప్పు ఎలా పేరుకుంటుందంటే

ఈ మాటకు సాక్ష్యాలు యాభై ఏళ్ల చరిత్రలో వరుసగా కనిపిస్తాయి. 1974లో ఆస్ట్రేలియాకు చెందిన కెన్ రోజ్‌వాల్ 39 ఏళ్ల వయసులో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండింటిలోనూ ఫైనల్ చేరాడు. వింబుల్డన్ సెమీఫైనల్లో స్టాన్ స్మిత్‌కు తొలి రెండు సెట్లు ఇచ్చేసి, ఆ తర్వాత మూడు సెట్లు గెలిచాడు. ఫైనల్లో మాత్రం 21 ఏళ్ల జిమ్మీ కానర్స్ మీద అతనికి దక్కినవి ఆరు గేములు, యూఎస్ ఓపెన్ ఫైనల్లో రెండంటే రెండు. ఫైనల్ దాకా వచ్చిన ఆటగాడికి ఆట రాక ఇలా జరగదు.

2006 యూఎస్ ఓపెన్‌లో ఆండ్రీ అగస్సీ వెన్నునొప్పికి ఇంజెక్షన్లు తీసుకుంటూ ఆడాడు. రెండో రౌండ్‌లో మార్కోస్ బాగ్దాటిస్‌ను ఐదు సెట్లలో ఓడించిన రాత్రి చూసినవారికి 36 ఏళ్ల మనిషి ఆటలా అనిపించలేదు. తర్వాతి మ్యాచ్‌లో, అంతగా పేరులేని బెంజమిన్ బెకర్ చేతిలో ఓడి ఆట నుంచి తప్పుకున్నాడు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆండీ ముర్రే, తుంటిలో లోహపు కీలుతో, తొలి రౌండ్‌లో బెరెటినిపై 4 గంటల 49 నిమిషాలు, రెండో రౌండ్‌లో కొక్కినాకిస్‌పై 5 గంటల 45 నిమిషాలు ఆడి రెండూ గెలిచాడు. ఆ రెండో మ్యాచ్ ముగిసేసరికి మెల్‌బోర్న్‌లో తెల్లవారుజాము నాలుగు దాటింది. మూడో రౌండ్‌లో బౌటిస్టా అగుట్ చేతిలో ఓడాడు. 2024 జులైలో స్వీడన్‌లోని బస్టాడ్ టోర్నీలో నాదల్ క్వార్టర్‌ఫైనల్లో నవోనెపై దాదాపు నాలుగు గంటలు పోరాడి గెలిచి, ఆ తర్వాత ఫైనల్లో నూనో బోర్జెస్‌కు 3-6, 2-6తో లొంగిపోయాడు.

జకోవిచ్ 2025 ఏడాది ఈ లెక్కకు అచ్చమైన ఉదాహరణ. ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో తొడ కండరం పట్టేసినా యువ ఆటగాడు కార్లోస్ అల్కరాస్‌ను ఓడించాడు. సెమీస్‌లో జ్వెరెవ్‌తో ఒక సెట్ ఆడి తప్పుకోవలసి వచ్చింది. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్‌లలో సినర్ చేతిలో, యూఎస్ ఓపెన్‌లో అల్కరాస్ చేతిలో వరుస సెట్లలో ఓడాడు. నాలుగు టోర్నీలలో ఐదేసి విజయాలు, నాలుగు సెమీఫైనళ్లలో ఒక్క సెట్టు కూడా లేదు. ఐదు మ్యాచ్‌ల దాకా ప్రపంచంలో అతన్ని నిలువరించగలవారు అరుదు, ఆరో మ్యాచ్‌కు ఒళ్లు మిగలడం లేదు. ఐదు సెట్ల మ్యాచ్‌లలో ఆఖరి దశకు వచ్చేసరికి ఇంధనం అయిపోతోందన్న అర్థంలో అతనే ఆ ఏడాది చెప్పుకున్నాడు.

మూడు సెట్ల పోటీలు ఆడే మహిళల్లో ఇదే తీరు కొంచెం వేరుగా బయటపడుతుంది. సెరెనా విలియమ్స్ 2017 సెప్టెంబరులో తల్లి అయిన తర్వాత 2018, 2019 సంవత్సరాల్లో నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లకు చేరింది. ఆరు మ్యాచ్‌లు గెలవగలిగింది, ఏడోది గెలవలేకపోయింది. నాలుగు ఫైనళ్లూ వరుస సెట్లలోనే చేజారాయి.

ర్యాంకింగ్ ఎప్పుడు, ఎలా జారుతుంది

ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాల పాటు నిలుస్తాయి. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000, వాటి తర్వాతి స్థాయి టోర్నీలైన మాస్టర్స్ విజేతకు 1000. ఏడాది తిరిగి అదే టోర్నీ వచ్చేసరికి పాత పాయింట్లు రాలిపోతాయి, వాటి చోటును ఈసారి సంపాదించినవి భర్తీ చేయాలి. అంటే ఆటగాడి ఒళ్లు ఈ వారం ఎలా ఉందో ఆ పట్టిక చెప్పదు, గడిచిన ఏడాదిని చెబుతుంది. అందులో ఛాంపియన్‌కు లాభం ఉంది, ప్రమాదమూ ఉంది. నాదల్ 2005 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా 912 వారాలు వరుసగా తొలి పదిమందిలో ఉన్నాడు. తుంటి గాయంతో ఆట ఆగిన రెండు నెలల దాకా పట్టిక అతన్ని తొలి పదిలోనే చూపించింది.

జారడం మొదలైతే మాత్రం వేగం పెరుగుతుంది. గ్రాండ్‌స్లామ్‌లో పై ర్యాంకుల్లోని 32 మందికి సీడింగ్, అంటే వరుస సంఖ్య ఇస్తారు. సీడెడ్ ఆటగాళ్లు మూడో రౌండ్ దాకా ఒకరికొకరు ఎదురుపడరు. ఆ గొడుగు పోయిన మరుక్షణం తొలి రౌండ్‌లోనే ఎవరైనా తగలవచ్చు. 2024 ఫ్రెంచ్ ఓపెన్‌లో జరిగింది అదే. ఆరు నెలలకు మించి గాయంతో దూరమైనవారికి ఇచ్చే రక్షిత ర్యాంకు నాదల్‌కు టోర్నీలో చోటు ఇచ్చింది, సీడింగ్ ఇవ్వలేదు. ఎవరు ఎవరితో ఆడాలో చీటీలతో తేల్చే డ్రాలో మొదటే జ్వెరెవ్ వచ్చిపడ్డాడు. 14 సార్లు గెలిచిన చోట నాదల్ తొలి రౌండ్‌లో ఇంటిముఖం పట్టాడు. రెండు మూడు తేలికైన మ్యాచ్‌లు ఆడి ఊపు తెచ్చుకోవడానికి వయసు మీరినవాడికే ఎక్కువ అవసరం. ఆ అవకాశం అతనికే ముందుగా పోతుంది. పాయింట్లు రావు, ర్యాంకు ఇంకా దిగుతుంది, మళ్లీ గట్టి ప్రత్యర్థి తగులుతాడు. ఓటమికి ఎంత భాగం ఒళ్లు, ఎంత భాగం డ్రా అన్నది బయటివారికి తెలియదు.

తొందరపడి ఉంటే పోయేవి

ఇక్కడే తీర్పులు చెప్పేవారు తరచూ బోల్తా పడతారు. 2000 వింబుల్డన్ తర్వాత పీట్ సంప్రాస్ రెండేళ్లకు పైగా ఒక్క టైటిల్ కూడా గెలవలేదు. 2002 వింబుల్డన్‌లో, ఏడుసార్లు విజేత అయిన చోట, రెండో రౌండ్‌లో 145వ ర్యాంకు ఆటగాడు జార్జ్ బస్టల్ చేతిలో ఓడాడు. అప్పటికి రిటైర్ కావలసిందేనన్న మాట దాదాపు ఏకగ్రీవం. రెండు నెలల తర్వాత యూఎస్ ఓపెన్‌లో 17వ సీడ్‌గా దిగి ఫైనల్లో అగస్సీని ఓడించి 14వ గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు. ఆ తర్వాత మరో పోటీ మ్యాచ్ ఆడలేదు.

ఫెదరర్ కథ కూడా 17వ సీడ్‌తోనే మలుపు తిరగడం యాదృచ్ఛికమే అయినా గుర్తుంచుకోదగ్గది. 2016లో మోకాలి శస్త్రచికిత్స, ఆపై వింబుల్డన్ తర్వాత ఆరు నెలల విరామం. 2017 జనవరిలో తిరిగొచ్చి 35 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. ఆ ఏడాది మట్టి కోర్టు సీజన్ మొత్తం వదులుకుని వింబుల్డన్ కూడా గెలిచాడు, 2018లో 36 ఏళ్లకు మళ్లీ ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. ఈ రెండు పునరాగమనాల్లోనూ పోలిక ఉంది. సంప్రాస్ ఒంట్లో మాననంత పెద్ద గాయం లేదు. ఫెదరర్ ఒంటికి కావలసిన సమయాన్ని తీసి ఇచ్చాడు. అంటే కోలుకునే శక్తి ఇంకా మిగిలి ఉన్నప్పుడే విశ్రాంతి ఫలించింది. 2020లో మోకాలికి మళ్లీ శస్త్రచికిత్సలు జరిగాక అదే ఫెదరర్‌కు విరామం పనిచేయలేదు. 2021 వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్లో హుర్కాజ్ చేతిలో 3-6, 6-7, 0-6. ఆ చివరి సెట్టే సింగిల్స్‌లో అతను ఆడిన ఆఖరి సెట్టు.

అగస్సీ 1997లో 141వ ర్యాంకుకు పడిపోయి, చిన్న స్థాయి ఛాలెంజర్ టోర్నీలు ఆడి పైకొచ్చి, 29 ఏళ్లు నిండాక ఐదు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన సంగతి వేరే కోవలోకి వస్తుంది; అతనిది వయసు సమస్య కానే కాదు. అలాగే 26 ఏళ్లకే ఆపేసిన బ్యోర్న్ బోర్గ్, 2022లో ప్రపంచ నంబర్‌వన్‌గా ఉంటూ 25 ఏళ్లకే తప్పుకున్న యాష్ బార్టీ విషయంలో ఒళ్లు చాలడం లేదన్న మాటే రాలేదు, మనసు చాలనుకుంది. వీరిని ముందుపెట్టి, శిఖరం మీద ఉండగానే దిగిపోవాలని ముప్పై ఆరేళ్లవారికి ఉపదేశించడం పొంతన లేని పోలిక. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, వింబుల్డన్ ఫైనల్ ఆడి, ఆగస్టులో 30 ఏళ్లకు వీడ్కోలు చెప్పిన స్టెఫీ గ్రాఫ్ మాత్రం రెండింటి నడుమ ఉంది. ఏళ్ల తరబడి గాయాలతో నెగ్గుకొచ్చిన ఆమె, గెలవగలిగిన స్థితిలోనే ఆగింది.

డబుల్స్ దారి

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ సానియా మీర్జా. మణికట్టు, మోకాలి గాయాల తర్వాత 2013లో సింగిల్స్ వదిలేసింది. అప్పుడది వెనకడుగుగా కనిపించింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయింది. మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు ఆమె ఖాతాలో ఉన్నాయి. 2018లో కొడుకు పుట్టాక తిరిగొచ్చి 2020లో హోబర్ట్ టైటిల్ గెలిచింది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బోపన్నతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్ ఆడి, ఆ మరుసటి నెల దుబాయ్‌లో 36 ఏళ్ల వయసులో ఆట ముగించింది.

డబుల్స్‌లో ఒక్కో ఆటగాడు కాపు కాయవలసింది సగం కోర్టే. టూర్ టోర్నీల్లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఉంటుంది. ర్యాలీలు చిన్నవి, చూపు, చేయి, నెట్ దగ్గర తెగువ ముఖ్యం. వయసుతో ముందు పోయే గుణాల మీద ఆధారం తక్కువ, ఆలస్యంగా పోయేవాటి మీద ఎక్కువ. మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయినా అయ్యంగార్ యోగాతో నెట్టుకొచ్చిన బోపన్న 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్‌ను 43 ఏళ్లకు గెలిచి అదే సమయంలో నంబర్‌వన్ కావడం, మార్టినా నవ్రతిలోవా 2006లో 49 ఏళ్ల వయసులో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలవడం ఈ కారణంగానే సాధ్యమైంది. కాబట్టి రిటైర్ కావాలా అన్న ప్రశ్న వేసే ముందు దేని నుంచి అని అడగాలి. సింగిల్స్ నుంచి, ఐదు సెట్ల పోటీల నుంచి, ఏడాది పొడవునా తిరిగే టూర్ నుంచి, ఆట మొత్తం నుంచి తప్పుకోవడం నాలుగు వేర్వేరు నిర్ణయాలు. సానియా మొదటిదానికీ చివరిదానికీ మధ్య పదేళ్లు ఆడింది.

వేరొకరి చోటు

ఛాంపియన్ ఎంతకాలం ఆడినా నష్టం అతనిదే, బయటివారికేమిటన్న వాదన చాలావరకు సరైనదే. ర్యాంకుతో వచ్చినవాడు ఎవరి చోటూ లాక్కోలేదు. ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే వైల్డ్ కార్డుతో వస్తే ఆ మాట పూర్తిగా నిలవదు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో 128 చోట్లు ఉంటే ఎనిమిది మాత్రమే నిర్వాహకుల చేతిలో ఉంటాయి. 2025 యూఎస్ ఓపెన్‌లో తొలి రౌండ్‌లో ఓడినవారికి కూడా లక్షా పదివేల డాలర్లు దక్కాయి. ర్యాంకు రెండు వందల దగ్గర ఉన్న యువ ఆటగాడికి ఆ ఒక్క చెక్కు ఏడాది ప్రయాణాలకు, కోచ్ జీతానికి సరిపోతుంది.

అయినా లెక్క ఏకపక్షం కాదు. 1991 యూఎస్ ఓపెన్‌లో 174వ ర్యాంకుతో వైల్డ్ కార్డు అందుకున్న కానర్స్, సరిగ్గా 39వ పుట్టినరోజున ఆరన్ క్రిక్‌స్టీన్‌ను ఐదు సెట్లలో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లాడు. టికెట్లు, టీవీ హక్కులు, ప్రైజ్‌మనీ పెరగడానికి అలాంటి మ్యాచ్‌లే పునాది, ఆ డబ్బులో యువ ఆటగాళ్లకూ వాటా ఉంది. 2025 జులైలో వాషింగ్టన్‌లో వీనస్ విలియమ్స్ 45 ఏళ్ల వయసులో సింగిల్స్ మ్యాచ్ గెలిచినప్పుడు స్టేడియం నిండింది. ఒకటి రెండు వీడ్కోలు టోర్నీలకు వైల్డ్ కార్డు ఇవ్వడం న్యాయమే. ఏళ్ల తరబడి ప్రతి టోర్నీకీ అదే ఆధారమైతే ఆ చోటు కుర్రవాళ్లకు పోవడమే సబబు.

ఏ గుర్తులు చూడాలి

ఓటముల సంఖ్య కంటే వాటి తీరు ఎక్కువ చెబుతుంది. కాలు చాలక ఓడినవాడు తొలి సెట్లో సమానంగా నిలిచి మూడో సెట్లో కుప్పకూలతాడు. ఆట పాతబడి ఓడినవాడు మొదటి గేము నుంచే వెనకబడతాడు. మొదటివాడు టోర్నీలు తగ్గించుకుంటే ఇంకో ఏడాది రెండేళ్లు నిలవగలడు. విశ్రాంతి తర్వాత కూడా మూడో సెట్టు మెరుగుపడకపోతే అప్పుడు అసలు సంగతి బయటపడినట్టు.

రెండో గుర్తు ప్రేక్షకులకు కనిపించనిది, ఆటగాడికి మాత్రం రోజూ కనిపించేది: శిక్షణ. ఒక టోర్నీకి సిద్ధం కావడానికి కొన్ని వారాల పాటు ఆగకుండా, పూర్తి తీవ్రతతో సాధన చేయగలగాలి. మూడు రోజులు సాధన, నాలుగు రోజులు చికిత్స అన్న స్థితి వచ్చాక కోర్టులో దిగేది సిద్ధపడిన ఛాంపియన్ కాదు, అలవాటు మీద ఆడుతున్న మనిషి. టోర్నీ మొదలుకావడానికి ముందు రోజుల్లో పేరు ఉపసంహరించుకోవడం పదేపదే జరుగుతుంటే బయటివారికి అందే సంకేతం అదే.

మూడోది నొప్పిని అణచడం. 2022 ఫ్రెంచ్ ఓపెన్‌ను నాదల్ 36 ఏళ్లకు గెలిచాడు. ముల్లర్-వైస్ వ్యాధితో దెబ్బతిన్న ఎడమ పాదానికి మ్యాచ్‌లకు ముందు మొద్దుబార్చే ఇంజెక్షన్లు తీసుకుని ఆడాడు. అలా కొనసాగడం తనకు ఇష్టం లేదని టైటిల్ గెలిచిన రోజునే చెప్పి, పాదంలోని నాడికి ప్రత్యేక చికిత్స చేయించుకున్నాడు. రికార్డు పుస్తకంలో అది 14వ టైటిల్. ఒంటి లెక్కలో చూస్తే గడువు దాటిన సంకేతం. 2023 జనవరిలో తుంటి కండరం చీలింది, ఆ తర్వాత అతను గ్రాండ్‌స్లామ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2022లోనే ఆగవలసిందని దీని అర్థం కాదు. తిరిగి సిద్ధం కాగలనా అని తేల్చుకోవడానికి ఒక ప్రయత్నం చేసే హక్కు 22 గ్రాండ్‌స్లామ్‌ల వాడికి ఉంది. 2024 వసంతం నుంచి మట్టి కోర్టుల మీద ఆ ప్రయత్నం చేశాడు, జవాబు దొరికింది, అక్టోబరు 10న ప్రకటించాడు. ఈ వరుసను ఆలస్యం అనడం కంటే పద్ధతి అనడమే సరైనది.

ప్రకటన, ఆపై తిరుగుదారి

వీడ్కోలును ముందే ప్రకటిస్తే టోర్నీలు, అభిమానులు సిద్ధపడతారు. ఆటగాడి మీద మాత్రం ప్రతి మ్యాచ్ ఆఖరిదన్న బరువు పడుతుంది. ఫెదరర్ 2022 సెప్టెంబరు 15న ప్రకటించి ఎనిమిది రోజులకే లండన్‌లో జట్ల పోటీ లేవర్ కప్ డబుల్స్‌లో నాదల్ పక్కన నిలబడి ముగించాడు. సంప్రాస్ ఏడాది పాటు మౌనంగా ఉండి 2003 ఆగస్టులో చెప్పాడు. ముర్రే 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో కన్నీళ్లతో ఆట అయిపోయిందన్నంత పని చేశాడు. ఆ నెలలోనే తుంటికి లోహపు కీలు వేయించుకుని అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో టైటిల్ గెలిచాడు. 2023 ఆగస్టులో 36వ ర్యాంకు దాకా ఎక్కి, 2024 పారిస్ ఒలింపిక్స్ డబుల్స్‌తో ఆగాడు. శస్త్రచికిత్స ఫలితం తెలియకముందు చేసిన ప్రకటనను చివరి మాటగా తీసుకోకూడదని అతని ఐదేళ్లు చూపించాయి.

తిరిగి రావడానికి నిబంధనల్లో దారి ఉంది గానీ అది చిన్నది కాదు. డోపింగ్ పరీక్షల జాబితా నుంచి రిటైర్మెంట్‌తో పేరు తీసేయించుకున్న ఆటగాడు మళ్లీ పోటీకి దిగాలంటే, ఆరు నెలల ముందు నుంచే పరీక్షలకు అందుబాటులోకి రావాలి. ఎక్కడ ఉంటున్నదీ రోజువారీగా తెలియజేయాలి, చెప్పకుండా వచ్చే పరీక్షకులకు తలుపు తీయాలి. ముప్పై ఎనిమిదేళ్ల ఒంటికి ఆ ఆరు నెలల్లో పోయే వేగాన్ని ఏ రక్షిత ర్యాంకూ తిరిగి ఇవ్వదు.